ఉప్పు పని చలికి అప్పగిస్తే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తిండిని నిల్వ ఉంచే బాధ్యత తరతరాలుగా ఉప్పుది, ఎండది. బారువ తీరంలో ఇసుక మీద ఆరే నెత్తళ్లు, ఉప్పు పట్టించిన చేప ముక్క, జాడీలో ఊరే ఆవకాయ, డాబా మీద గుమ్మడి వడియాలు. చూడటానికి వేటికవే గానీ లోపల జరిగే పని ఒక్కటే. సూక్ష్మజీవి పెరగాలంటే నీరు కావాలి. ఎండ ఆ నీటిని ఆవిరి చేసి పట్టుకుపోతుంది. ఉప్పేమో ఉన్న నీటిని తనతో కట్టేసుకుంటుంది, పైగా బాక్టీరియా ఒంట్లో నీటిని కూడా బయటికి లాగేస్తుంది. కరెంటు లేని కాలంలో ఇంతకు మించిన ఏర్పాటు ఉండేది కాదు.

అదే ఉప్పు ఇప్పుడు ఇక్కడ చాలా ఇళ్లలో కొలిచి వేసుకోవాల్సిన సరుకైంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి 1990ల నుంచీ తెలిసిందే. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కనిపించింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు, బీపీ లాంటి తెలిసిన కారణాలు లేవు. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పని, నొప్పి మాత్రలు అన్నిటినీ అనుమానించారు. ఏదీ ఖాయంగా తేలలేదు. ఉప్పుచేప తిన్నందువల్ల జబ్బు వచ్చిందని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పడం లేదు. అయితే మూత్రపిండం ఒకసారి బలహీనపడ్డాక ఒంట్లో చేరిన సోడియం బయటికి పోవడం కష్టమవుతుంది. నీరు నిలుస్తుంది, కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది, ఆ బీపీ మిగిలిన మూత్రపిండాన్ని ఇంకాస్త దెబ్బతీస్తుంది. ఆరోగ్యవంతులు కూడా రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆవకాయ అన్నం ఒక్కపూట తింటే ఆ చెంచాలో ఎంత మిగులుతుందో ఎవరికి వాళ్లు లెక్క వేసుకోవచ్చు.

ఇంట్లో ఒకరికి చప్పిడి కూర, మిగతా వాళ్లకు మామూలు కూర. రెండు పూటలా రెండు వంటలు. డయాలిసిస్ రోజు వస్తే అదీ కుదరదు. ఒక్కో విడతకి నాలుగు గంటలు మంచం మీద, పైన రానూపోనూ ప్రయాణం, తోడుగా ఇంకో మనిషి. ఇలా వారానికి రెండు మూడుసార్లు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి, హిరమండలం నుంచి తాగునీరూ వస్తోంది, మంచిదే. సాయంత్రం ఇంటికి చేరేసరికి పొయ్యి వెలిగించే ఓపిక ఎవరికి ఉంటుందన్న ప్రశ్న మాత్రం ఆసుపత్రి తీర్చేది కాదు. ఆ పూట బజ్జీలూ పరోటాలతో గడిచిపోతుంది. ఉప్పు, నూనె రెండూ అక్కడే లోపలికి పోతాయి.

వారానికోసారి పెద్ద గిన్నెలో వండి, పూటకి ఇంత అని డబ్బాల్లో కట్టి, గడ్డకట్టించి దాచుకునే పద్ధతి పాశ్చాత్య దేశాల్లో బరువు తగ్గాలనుకునేవాళ్లలో బాగా నడుస్తోంది. ఉద్దానానికి అది బరువు కంటే ఉప్పు విషయంలో ఎక్కువ అక్కరకొస్తుంది. ఎందుకంటే చలికి ఉప్పుతో పని లేదు, నూనెతోనూ పని లేదు. ఊరగాయ మీద తేలే నూనె గాలి తగలకుండా కాపలా కాస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఆ కాపలా అక్కర్లేదు, ఎందుకంటే తిండిలోని నీరంతా దాదాపుగా మంచై సూక్ష్మజీవికి దక్కకుండా పోతుంది. ఎండా, ఉప్పూ చేసిన పనే ఇది, దారే వేరు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. చలి బాక్టీరియాని చంపదు, ఆపుతుంది. ఫ్రీజర్లోకి వెళ్లినవాటిలో చాలావరకు కరిగాక మళ్లీ లేస్తాయి. అందుకే అసలు ప్రమాదం ఫ్రీజర్లో ఉండదు, పొయ్యి దించాక ఫ్రీజర్లోకి వెళ్లేలోగా ఉంటుంది. వండిన పదార్థం 60 డిగ్రీల నుంచి 5 డిగ్రీల దాకా దిగే ఆ మధ్యకాలమే వాటి పండగ. పప్పులో, మాంసం కూరల్లో ఇబ్బంది పెట్టే క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ 45 డిగ్రీల దగ్గర, అన్నీ కలిసొస్తే, పది నిమిషాల లోపే రెట్టింపవుతుంది. పది నిమిషాలకోసారి అనుకున్నా మూడు గంటల్లో 18 రెట్టింపులు. ఒక్కటి రెండున్నర లక్షలు దాటుతుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ ఇంకా మొండిది. దాని బీజాలు ఉడుకుతున్న ఎసట్లోనూ బతుకుతాయి. అన్నం గిన్నెలో గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే మొలకెత్తి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా విరగదు.

మన దగ్గర ‘చల్లారింది’ అనడానికి కొలత చెయ్యి. గిన్నె ముట్టుకుంటే కాలకపోతే చల్లారినట్టే. సముద్రపు గాలి ఉన్న కవిటిలో కూడా వేసవి రాత్రి గది వేడి 28 డిగ్రీలకు దిగడం గగనం. కాబట్టి చేతికి చల్లగా తగిలిన పప్పు బాక్టీరియా లెక్కలో ఇంకా వెచ్చగానే ఉన్నట్టు. పోనీ ఆ వేడి గిన్నెని అలాగే ఫ్రిజ్‌లో పెడదామా అంటే, లోపల ఉన్న పాలూ కూరగాయలూ కూడా వేడెక్కుతాయి.

దీనికి మందు వెడల్పు పళ్లెం. పప్పులాంటి చిక్కటి పదార్థంలో వేడి మెల్లగా, పొర నుంచి పొరకు నడిచి బయటపడుతుంది. మందం రెట్టింపైతే చల్లారే కాలం రెట్టింపుతో ఆగదు, నాలుగింతలకు దగ్గరవుతుంది. 12 సెంటీమీటర్ల లోతు గిన్నెలో ఉన్న పప్పుని 4 సెంటీమీటర్ల మందాన పళ్లెంలో పరిస్తే దాదాపు తొమ్మిదో వంతు కాలంలో దిగుతుంది. పళ్లెం కింద వెడల్పు బేసిన్లో చల్లనీళ్లు, వీలైతే నాలుగు ఐసు ముక్కలు, పైన ఫ్యాను. హోటళ్లకు అమెరికాలో పెట్టిన నిబంధన ఇదీ: 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దించాలి. ఇంట్లో అంత కొలవక్కర్లేదు. వండిన రెండు గంటల్లో డబ్బా ఫ్రిజ్‌లోకి వెళ్లిపోతే చాలు.

గడ్డకట్టడంలోనూ వేగమే ముఖ్యం. కూరలోని నీటిలో ఉప్పులు, చక్కెరలు కరిగి ఉంటాయి కాబట్టి అది సున్నా దగ్గర గడ్డకట్టదు. మైనస్ 1, మైనస్ 2 దగ్గర మొదలుపెట్టి మైనస్ 5 దాకా ఎక్కువభాగం మంచవుతుంది. ఈ మెట్టు మెల్లగా దిగితే తక్కువ స్ఫటికాలు పుట్టి పెద్దవిగా పెరుగుతాయి, మొనలతో కణాల గోడల్ని చీలుస్తాయి. గబగబా దిగితే లెక్కలేనన్ని చిన్నవి పుడతాయి, గోడలు చాలావరకు నిలుస్తాయి. ఈ తేడాని వ్యాపారం చేసినవాడు క్లారెన్స్ బర్డ్స్‌ఐ. ఇప్పటి కెనడా ఈశాన్యాన లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి ఇన్యూట్ జాలర్లు పట్టిన చేప ఆ చలిగాలికి క్షణాల్లో బిగుసుకుపోవడం, నెలల తర్వాత కరిగించి వండినా తాజా రుచి ఉండటం చూశాడు. చల్లని లోహపు పలకల మధ్య పొట్లాలు నొక్కి గడ్డకట్టించే యంత్రం తయారుచేసి, 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దుకాణాలకు సరుకు పంపాడు. మన ఇంట్లో ఆ పలకలు లేవు. ఉన్నదల్లా పలచగా పరిచే వీలు. జిప్ కవర్లో కూర పోసి, గాలి నొక్కేసి, పుస్తకం మందాన చదును చేసి పడుకోబెడితే గంటల్లో గడ్డ కడుతుంది. కరగడమూ అంతే తొందరగా. డబ్బాల్లో పెట్టేవాళ్లు పైన వేలెడు ఖాళీ వదలాలి. నీరు మంచైతే దాదాపు 9 శాతం పెరుగుతుంది, మూత ఎగిరిపోతుంది.

మీ ఫ్రీజర్ నిజంగా ఎంత చల్లనిదో ముందు చూసుకోండి. తలుపు మీద అతికించిన నక్షత్రాలు కరెంటు పొదుపుకి సంబంధించినవి, వాటికీ చలికీ పొత్తు లేదు. ఫ్రీజర్ అర మీద విడిగా నక్షత్రాల గుర్తులుంటే అవే చలి గుర్తులు. ఒకటుంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18. ముందే గడ్డకట్టిన పదార్థం మొదటిదాంట్లో వారం, రెండోదాంట్లో నెల, మూడోదాంట్లో మూడు నెలలు ఆగుతుందని లెక్క. కొత్తగా వండినదాన్ని గడ్డకట్టించడానికి తయారైనది నాలుగు నక్షత్రాల అర. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ పైఅరలో నెలల తరబడి నిల్వ పెడదామనుకోవడం అత్యాశ. అందులో వారానికి సరిపడా పెట్టుకుని తినేస్తే మేలు.

ఇక కేలరీల మాట. ఉద్దానం పేరు నిలబెట్టిన రెండు పంటలూ కేలరీల మూటలే. పచ్చికొబ్బరి 100 గ్రాముల్లో సుమారు 350, పలాస జీడిపప్పులో 550. పొలంలోంచి వచ్చే తక్కిన కాయగూరలు అలా ఉండవు. ఆనపకాయ 100 గ్రాములకు 15 కేలరీలు మించదు, ఎందుకంటే అందులో ఉన్నదంతా నీరే. అంటే కూరలో కేలరీలు కాయ నుంచి రావు, మూకుడులోంచి వస్తాయి. పెద్ద చెంచాడు నూనె అంటే 120 కేలరీలు. ముప్పావు కిలో ఆనపకాయ ముక్కలు కలిపినా ఆ చెంచాకి సరిరావు.

ఫ్రీజర్ వంట ఇక్కడ అనుకోకుండా ఒక మేలు చేస్తుంది. పోపు వేసిన కూర గడ్డకట్టి కరిగాక రుచి తప్పుతుంది. వెల్లుల్లి, లవంగం, మిరియం ఘాటెక్కి చేదు తిరుగుతాయి, ఉల్లి వాసన మారుతుంది. ఉప్పు అయితే, కొవ్వున్న పదార్థాలు కంపు కొట్టడాన్ని తొందరపెడుతుంది. కవళ్ల లాంటి నూనెచేపల్ని ఉప్పేసి ఫ్రీజర్లో పెట్టి చూసినవాళ్లకి ఆ ముక్క వాసన తెలుసు. గాలిలోని ఆక్సిజన్ కొవ్వుని విరగ్గొట్టే పని చలిలో మెల్లబడుతుంది గానీ ఆగదు, ఉప్పు దానికి ఊతమిస్తుంది. కాబట్టి ఫ్రీజర్లోకి వెళ్లేది ఉప్పూ పోపూ లేని కూర కావాలి. తినే పూట చిన్న చెంచాడు నూనెలో ఆవాలు, కరివేపాకు వేసి కలిపితే 45 కేలరీలతో సరి. ఉప్పు కంచంలో ఎవరి వాటా వాళ్లది. ముద్ద పైన చల్లిన ఉప్పు నాలుకకి ముందు తగులుతుంది, లోపల ఉడికిన దానికంటే తక్కువ వేసినా ఉప్పగానే ఉంటుంది. చప్పిడి కూర వేరు, మామూలు కూర వేరు అన్న రెండు వంటల బాధ దీంతో పోతుంది.

ఒక హెచ్చరిక. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లో సోడియానికి బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ రోగికి అది అసలు ఉప్పు కంటే ప్రమాదం. ఒంట్లో పొటాషియం పోగైతే గుండె కొట్టుకోవడమే తప్పుతుంది. కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక బోండం తాగితే ఎంతో చూసుకోండి. ఊరంతా ఇష్టపడే పనసపండులో 100 గ్రాములకు 450 దాకా.

పనస సంగతి వచ్చింది కాబట్టి కాస్త ఆగుదాం. వేసవిలో ఉద్దానం పనసకాయ లారీలకెక్కి ఒడిశా, బెంగాల్ వైపు పోతుంది. మిగిలిన నెలల్లో పొట్టు కూర కావాలంటే దొరకదు. ఫ్రీజర్‌కి ఇంతకంటే అనువైన కాయ లేదనే చెప్పాలి, ఎందుకంటే దాని పీచు మంచు మొనలకి అంత తేలిగ్గా లొంగదు. చేతులకి నూనె రాసుకుని కాయ కోసి, ముక్కలు గాలి తగిలి నల్లబడకముందే మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు వేసి తీయాలి. నల్లబరిచేది కాయలోని ఎంజైము. చలికి అది ఆగదు, నెమ్మదిస్తుందంతే. వేడికి మాత్రం చస్తుంది. తోటకూర, బీన్సు, క్యాబేజీ ఏదైనా పచ్చిగా ఫ్రీజర్లో పెట్టకుండా ఒక ఉడుకు రానివ్వడం అందుకే. తీసిన వెంటనే చల్లనీళ్లలో ముంచి, ఆరబెట్టి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించాక కవర్లోకి ఎత్తితే ముక్కలు అంటుకోవు.

ఉడికించిన ఆ నీళ్లు పారబోయడంలో కిడ్నీ రోగికి లాభముంది. పొటాషియం నీటిలో కరుగుతుంది. బంగాళాదుంపల మీద 2008లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో, ముక్కలు రాత్రంతా నానబెడితే పెద్దగా తేడా రాలేదు గానీ, ఉడికిస్తే ముక్కల్లో సగం దాకా, తురుములో మూడొంతుల దాకా పొటాషియం పోయింది. నానబెట్టి ఊరుకోవద్దు, సన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చండి. విటమిన్లూ కొన్ని పోతాయి, తప్పదు. పనస, పప్పు ఎంత తినొచ్చో మాత్రం రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాల్సిందే. ఆ చెప్పిన కొలతని డబ్బాకింత అని ముందే తూచి పెట్టుకోవచ్చు. ఆకలి మీద ఉన్నప్పుడు గరిటె కొలత ఎవరికీ ఆగదు. ముందే గడ్డకట్టిన డబ్బా మాత్రం తన కొలత దాటదు.

అన్నీ సరిగ్గా గడ్డకట్టవు. బంగాళాదుంప దూదిలా అవుతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పెరుగు విరుగుతుంది, కొబ్బరిపాల పులుసు నీళ్లొకవైపు, వెన్నొకవైపు అయిపోతుంది. కొబ్బరి కోరు మాత్రం చక్కగా నిలుస్తుంది. పప్పు, సాంబారు, ఆనపకాయ, బీరకాయ, గుమ్మడి కూరలు, ఉడికించిన సెనగలు, ఇడ్లీలు ధైర్యంగా పెట్టొచ్చు.

ఇడ్లీ, అన్నం విషయంలో ఒక వింతుంది. ఇవి ఫ్రీజర్లో కంటే ఫ్రిజ్‌లో తొందరగా గట్టిపడతాయి. ఉడికి విచ్చుకున్న పిండి పదార్థం చల్లారుతూ మళ్లీ వరసలు కట్టుకుంటుంది. ఆ పని సున్నాకి కొంచెం పైన, అంటే సరిగ్గా ఫ్రిజ్ చలిలో, అన్నిటికన్నా చురుగ్గా సాగుతుంది. ఇలా వరసకట్టిన పిండిలో కొంత మన పేగుల్లో అరగదు. దీన్ని పట్టుకుని 2015లో శ్రీలంక పరిశోధకులు, ఎసట్లో కొబ్బరినూనె వేసి వండి 12 గంటలు ఫ్రిజ్‌లో పెడితే అన్నంలో కేలరీలు బాగా తగ్గించవచ్చని ఒక సదస్సులో చెప్పారు. కొబ్బరి సీమకి తియ్యటి కబురే. అంతగా నమ్మబుద్ధి కాదు. అదే ఏడాది ఇండోనేషియా పరిశోధకులు కొలిచి చూస్తే, అప్పుడే వండిన అన్నంలో 100 గ్రాములకు 0.64 గ్రాములున్న అరగని పిండి, 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడిచేస్తే 1.65 అయింది. తేడా ఒక గ్రాము. కేలరీల్లో చెప్పాలంటే రెండు. తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుదల మాత్రం కొంత తగ్గింది, షుగరున్నవాళ్లకి ఆ మేరకు ఉపయోగం. బరువు తగ్గాలనుకునేవాళ్లు అన్నాన్ని చల్లార్చే కంటే ఒక గరిటె తగ్గించుకోవడం తేలిక.

కరిగించడం రాత్రి ఫ్రిజ్ కిందిఅరలో పెట్టి చేయాలి, వంటింటి గట్టు మీద వద్దు. కరిగాక కుతకుత ఉడకనివ్వాలి. ఒకసారి కరిగింది మళ్లీ ఫ్రీజర్లోకి పోకూడదు.

ఇన్నీ చెప్పాక, ఉప్పుకీ ఎండకీ లేని బలహీనత చలికి ఒకటుంది. దానికి కరెంటు కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. కొన్ని ఊళ్లకి రోజుల తరబడి వెలుగు లేదు. అంతకుముందు ఫైలిన్ వచ్చింది 2013 అక్టోబరు 12న. విశాఖని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తలుపు తెరవకుండా ఉంచితే, నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ రెండు రోజులు, సగం నిండింది ఒక రోజు చలిని నిలుపుతుంది. ఫ్రిజ్ మామూలు అర నాలుగు గంటలే. మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయిందో లేదో తెలియాలంటే, చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి ఉంచండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుక్కి దిగి ఉంటే ఆ డబ్బాలన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే, మొహమాటం లేకుండా పారేయండి. అక్టోబరు నెలలో ఫ్రీజర్లో వారానికి మించి తిండి నిల్వ పెట్టకండి.